ముందు రబ్బరు, తర్వాత బ్రాండు

పదిహేను వేలు, పాతిక వేలు పలికే ఇయర్‌ఫోన్ల మీద ఓరుగల్లు చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. ధరలు పండగ ఆఫర్లను బట్టి అటూఇటూ అవుతుంటాయి. ఇక్కడ రాసినవి ఇంచుమించు లెక్కలే.

ప్రశ్న: రోజూ కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్ల పోయొస్త. రానుపోను నాలుగు గంటలు. పాతిక వేలు పెట్టుకున్న. ఏర్‌పాడ్స్ ప్రో, సోనీ ఎక్స్‌ఎం5, బోస్ అల్ట్రా, ఈ మూడిట్ల ఏది తీస్కోవాలె? నాది ఆండ్రాయిడ్ ఫోన్. – ఒక ఉద్యోగి, కాజీపేట

ఫోన్ ఆండ్రాయిడ్ అని మంచిపని చేసి చెప్పారు. ఆ ఒక్క మాటతో ఏర్‌పాడ్స్ పక్కకు పోయినట్టే. ఆండ్రాయిడ్‌లో అవి పాడవని కాదు, పాడతాయి. కానీ రబ్బరు చెవిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసే పరీక్ష, చాలా సెట్టింగులు, లోపలి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, ఇవన్నీ యాపిల్ పరికరం ఉన్నవాళ్లకే. పూర్తి డబ్బు కట్టి ముప్పావు సరుకు తెచ్చుకోవడం ఎందుకు? ఐఫోన్ ఉన్నవాళ్లకు ఇదే లెక్క తిరగబడుతుంది. ఐఫోన్‌లో ఎల్‌డాక్ (పాటను ఎక్కువ వివరంగా పంపే బ్లూటూత్ పద్ధతి) లేదు, ఏఏసీ అనే మామూలు పద్ధతితోనే సరిపెట్టుకోవాలి. సోనీ డబ్బా మీద ఎల్‌డాక్ అని ఎంత పెద్దగా ఉన్నా వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

ఇక సోనీ, బోస్. రైలు పెట్టెలో రెండు రకాల చప్పుళ్లు ఉంటాయి. ఒకటి చక్రాల కింది నుంచి ఆగకుండా వచ్చే గుమ్మనే మోత. రెండోది మనుషులది: చాయ్ అమ్మేవాడి కేక, పక్క సీట్లో స్పీకర్ పెట్టి చూసే వీడియో. బయటి మోతకు ఎదురు శబ్దం పుట్టించి దాన్ని తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ మొదటిదాన్ని బాగా మింగేస్తుంది. రెండోదాన్ని ఎక్కువగా ఆపేది చెవికి అడ్డం పడ్డ రబ్బరే. మోతను మింగడంలో బోస్‌ది ఒక పిసరు పైచేయి. కానీ దాని ఒళ్లు లావు, ఒక చార్జికి ఆరు గంటలు వస్తుంది. సోనీ ఒక్కోటి 5.9 గ్రాములు, నాయిస్ క్యాన్సిలింగ్ వేసుకున్నా ఎనిమిది గంటలు వస్తుంది. దానితో వచ్చేవి మెత్తటి ఫోమ్ టిప్‌లు కాబట్టి కేకల్ని కూడా కొంత ఆపుతాయి. మీ ప్రయాణానికి మేం సోనీ వైపే మొగ్గుతాం. ఫోమ్ మీ చెవికి పడకపోతేనే బోస్.

సోనీలో ఒక చికాకు ఉంది. దాని నున్నటి ఒంటికి వేళ్ల చెమట తగిలితే చేప జారినట్టు జారుతుంది. కదిలే రైల్లో తలుపు దగ్గర నిలబడి కేస్ మూత తెరవొద్దు. సీట్లో కూర్చుని, ఒళ్లో పెట్టుకుని తీయండి.

ఎల్‌డాక్ గురించి కూడా ఒక మాట. అది సెకనుకు 330, 660, 990 కిలోబిట్ల మెట్ల మీద నడుస్తుంది. జనం కిక్కిరిసిన పెట్టెలో 990 మీద బిగించి పెడితే పాట తెగితెగి వస్తుంది. ఫోన్ సెట్టింగుల్లో దానంతట అదే మార్చుకునేలా వదిలేయండి. అప్పటికీ తెగితే ఏఏసీకి రండి. రైలు మోతలో ఆ తేడా పట్టుకోగల చెవులు మాకైతే లేవు. స్టేషన్ ప్రకటనలు వినాలంటే జనగామ దాటగానే బయటి శబ్దం లోపలికి వదిలే మోడ్‌కు మార్చుకోండి, లేకపోతే ఘట్‌కేసర్ ఎప్పుడొచ్చిందో కూడా తెలియదు.

ప్రశ్న: ఇరవై రెండు వేలు పోసి కొన్న ఇయర్‌బడ్స్. కుడి చెవి గంటకే నొస్తంది. ఎడమ చెవిది మాట్లాడుతుంటే ఊడి పడుతంది. పాటల బేస్ అసలే లేదు. పీస్ ఖరాబుదంటరా? – ఒక టీచర్, జగిత్యాల

పీస్ బాగానే ఉండి ఉంటుంది. నొప్పి, జారడం, బేస్ లేకపోవడం అని మూడు ఫిర్యాదులు రాశారు గానీ మూడింటికీ మూలం ఒక్కటే. డబ్బాలోంచి తీసినప్పుడు బిగించి ఉన్న మీడియం రబ్బర్లనే రెండు చెవులకూ వాడుతున్నట్టున్నారు. చాలామందికి రెండు చెవి రంధ్రాలూ ఒకే సైజులో ఉండవు. మీ కుడి చెవికి ఆ రబ్బరు బిగుతు, ఎడమ చెవికి వదులు. కుడికి చిన్నది, ఎడమకు పెద్దది వేయండి. జత తప్పిందని మొహమాటపడొద్దు, చూసేవాళ్లకు కనబడేది కాదు.

పెట్టుకునే పద్ధతి చాలామందికి దుకాణంలో ఎవరూ చెప్పరు. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేయిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని కొంచెం పైకి, వెనక్కి లాగండి. వంకరగా ఉండే రంధ్రం అప్పుడు కాస్త తిన్నగా అవుతుంది. బడ్‌ను లోపలికి ఆనించి, మెల్లగా వెనక్కి తిప్పి, చెవి వదిలేయండి. ఫోమ్ టిప్ అయితే ముందు రెండు వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి, పెట్టాక అర నిమిషం వేలితో ఆపి ఉంచాలి. ఈ అర నిమిషం ఓపిక లేక ఫోమ్‌ను తిట్టేవాళ్లే ఎక్కువ.

సరిగ్గా కూర్చుందా లేదా అన్నదానికి రెండు పరీక్షలు. పాట ఆపి, నాయిస్ క్యాన్సిలింగ్ కూడా ఆపి, పెదవులు మూసి "మ్మ్..." అని మూలగండి. మీ గొంతు కుండలోంచి వచ్చినట్టు రెండు చెవుల్లోనూ సమానంగా మోగాలి. ఒకవైపు పలచగా వినబడితే అటు గాలి పోతోంది. రెండోది, డప్పు మోగే పాట పెట్టి, బడ్‌ను వేలితో సుతారంగా లోపలికి నొక్కండి. నొక్కగానే దరువు ఒక్కసారిగా బరువెక్కిందంటే ఇంతసేపూ బేస్ సందులోంచి కారిపోతోందన్నమాట. నొక్కినా తేడా రాకపోతే కూర్చున్నట్టే. కింది స్వరాలు నిలవాలంటే చెవికీ బడ్‌కూ మధ్య గాలి బందీగా ఉండాలి. అందుకే పాతిక వేల ఇయర్‌బడ్ కూడా వదులు రబ్బరుతో ఐదు వందల దానిలా పాడుతుంది.

ఇవన్నీ చేశాకా నొప్పి ఉంటే అది ఎక్కడో వేలు పెట్టి చూసుకోండి. రంధ్రం అంచు చుట్టూ ఉంగరంలా నొస్తే రబ్బరు ఇంకా పెద్దదే. చెవి గిన్నెలో, మెత్తటి ఎముక ఒత్తుకుంటున్న చోట నొస్తే బడ్ ఒళ్లే మీ చెవికి పెద్దది. దానికి రబ్బర్లు ఎన్ని మార్చినా లాభం లేదు, వాపసు గడువు దాటకముందే తిరిగిచ్చేయండి. దురద, చెమ్మ, వాసన ఉంటే వాడకం ఆపి చెవి డాక్టరుకు చూపించండి. చెవిలో నూనె పోసుకునే అలవాటున్న ఇళ్లలో మరో తిప్పలు. ఆ రోజు బడ్స్ పెట్టుకుంటే నూనె శబ్దం వచ్చే జాలీలోకి ఎక్కుతుంది, ఎక్కితే దిగదు.

విడిగా రబ్బర్లు కొంటే నాజిల్ (రబ్బరు తొడిగే గొట్టం) మందం చూసి కొనండి. ఏర్‌పాడ్స్ ప్రో రబ్బరు కోడిగుడ్డు ఆకారంలో టక్కున బిగుసుకునే రకం, మామూలు గుండ్రటివి దానికి పట్టవు. ఫోమ్‌వి చెమటకు గట్టిపడతాయి. నలిపితే మళ్లీ ఉబ్బడానికి మొరాయిస్తున్నాయంటే మార్చాల్సిన రోజు వచ్చినట్టు.

ప్రశ్న: సంగీతం ఇంట్ల కూసోని వింట. అదే పైసలకు వైర్‌దే మంచిగుంటదని దోస్తులంటున్నరు. ఈ కాలంల వైర్ ఏంది? – ఒక విద్యార్థి, హనుమకొండ

మీ దోస్తుల మాటే మా మాట కూడా. ఇంట్లో కూర్చుని వినేవాళ్లు నాయిస్ క్యాన్సిలింగ్‌కు, మైకులకు, బ్యాటరీకి డబ్బు కట్టడమంటే వాడని గదికి అద్దె కట్టినట్టే. వైర్ దాంట్లో ఆ డబ్బు ఎక్కువగా శబ్దం పుట్టించే డ్రైవర్‌కు, దాని గూటికి పోతుంది.

లెక్క వేసి చూద్దాం. పాతిక వేల వైర్‌లెస్‌లో చిన్న లిథియం బ్యాటరీలు ఉంటాయి. రోజూ వాడితే మూడేళ్లకు వాటి సత్తువ బాగా తగ్గుతుంది, విప్పి మార్చుకునే వీలు దాదాపు ఉండదు. 36 నెలలకు 25,000 అంటే నెలకు సుమారు 694 రూపాయలు. సెన్‌హైజర్ ఐఈ 200 లాంటి వైర్ ఇయర్‌ఫోన్‌కు పదిహేను వేలు అనుకోండి. ఫోన్‌కు వైర్ తగిలించే టైప్ సి డాంగిల్‌కు వెయ్యి, మధ్యలో ఒకసారి కేబుల్ తెగితే రెండు వేలు. ఆరేళ్లు వాడితే 18,000 భాగించు 72, నెలకు 250. ఇందులో కిటుకంతా ఊడదీసి మార్చుకోగల కేబుల్‌లో ఉంది. తెగేది ఎప్పుడూ వైరే, అదీ పిన్ను మెడ దగ్గర. కేబుల్ ఊడిరాని ఖరీదైన వైర్ ఇయర్‌ఫోన్ కొనొద్దు. కొనేముందు అది గుండ్రంగా తిరిగే ఎంఎంసీఎక్స్ రకమా, 0.78 మిల్లీమీటర్ల రెండు పిన్నుల రకమా కనుక్కోండి. ఒకదాని కేబుల్ ఇంకోదానికి పట్టదు. ఐఈ 200లో సాకెట్ లోపలికి దిగి ఉంటుంది కాబట్టి ఎంఎంసీఎక్స్ కేబులన్నా అన్నీ సరిపోవు.

ఫోన్‌కు 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్ రంధ్రం లేకపోతే డాంగిల్ తప్పదు. యాపిల్ అమ్మే చిన్న టైప్ సి డాంగిల్ ధరకు మించి పాడుతుంది. అయితే కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని వాల్యూమ్ సగమే లేస్తుంది, కొనేచోటే పెట్టి చూడండి.

వినికిడి పోల్చడానికి డప్పుకు మించిన గీటురాయి లేదు. సిర్ర (లావు కర్ర) పడ్డప్పుడు లోతైన దరువు, సన్నటి చిటికెన పుల్ల పడ్డప్పుడు చురుక్కుమనే చప్పుడు. మంచి ఇయర్‌ఫోన్‌లో ఈ రెండూ విడివిడిగా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా వినబడాలి. దరువు ఉబ్బి పుల్ల చప్పుడు మునిగిపోతే బేస్ మితిమీరింది. పాడేవాళ్ల "స", "శ" అక్షరాలు చెవిలో గుచ్చుకుంటే పై స్వరాలు మితిమీరాయి. రెండు ఇయర్‌ఫోన్లు పక్కపక్కన పెట్టి వినేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండాలి. కొంచెం గట్టిగా మోగేదే మంచిదనిపించడం చెవి గుణం, దుకాణాల్లో చాలా తీర్పులు అలాగే జరుగుతాయి.

మాటీలు, పెద్ద కమ్మలు పెట్టుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఈ రకం వైర్ చెవి మీదుగా వెనక్కి తిరుగుతుంది, గొలుసులో చిక్కుకుంటే రెండూ లాక్కుంటాయి. వాళ్లకు వైర్‌లెస్సే సుఖం.

ప్రశ్న: మరమగ్గాల షెడ్డుల పన్నెండు గంటలుంట. చెవులు గుయ్యిమంటున్నయి. మంచి నాయిస్ క్యాన్సిలింగ్‌ది కొంటె చెవులు బతుకుతయా? – సిరిసిల్ల

దీనికి మాత్రం ఇయర్‌బడ్స్ కొనకండి. ఆగకుండా ఒకే తీరున వచ్చే మోత మీదే నాయిస్ క్యాన్సిలింగ్ బాగా పనిచేస్తుంది. షటిల్ అటూఇటూ కొట్టే టకటక అలాంటిది కాదు, దెబ్బ దెబ్బకూ తెగి వస్తుంది. పైగా అవి పాట వినే వస్తువులు, చెవి రక్షణ పరికరాలు కావు. షెడ్డులో శబ్దం 90 డెసిబెల్స్ దాటడం మామూలే. దాని మీద పాట వినబడాలంటే ఇంకా పెంచుతారు. పెద్దవాళ్లు వారానికి 80 డెసిబెల్స్ అయితే 40 గంటలు, 90 అయితే 4 గంటలే వినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. మీరు ఆ 4 గంటలు సోమవారం మధ్యాహ్నానికే దాటేస్తారు.

నలిపి పెట్టుకునే ఫోమ్ ఇయర్ ప్లగ్స్ జత పదుల రూపాయల్లో దొరుకుతాయి. పాకెట్ మీద ఎన్‌ఆర్‌ఆర్ అనో ఎస్‌ఎన్‌ఆర్ అనో, ఎంత శబ్దం ఆపుతుందో చెప్పే ఒక అంకె ఉన్నవే తీసుకోండి. పైన టీచర్ గారికి చెప్పినట్టే చెవి లాగి, నలిపి, అర నిమిషం ఆపండి. పైపైన పెడితే ఆ అంకెలో సగం రక్షణ కూడా రాదు. వైర్ ఇయర్‌ఫోన్ అయితే మగ్గం దగ్గర అసలే వద్దు, తిరిగే చోట చిక్కుకుంటే ప్రమాదం. పనయ్యాక ఇంటికొచ్చినా గుయ్యిమంటూనే ఉంటే వినికిడి పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: ఆరు నెలలకే ఎడమ దిక్కు సౌండ్ తగ్గింది. – మంచిర్యాల

నూటికి తొంభై పాళ్లు గుబిలే. ముందు ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ఎడమ కుడి బ్యాలెన్స్ గీత మధ్యలోనే ఉందో లేదో చూడండి. తర్వాత రబ్బరు ఊడదీసి, టార్చ్ వెలుగులో జాలీ చూడండి. మైనం రంగు పొర కనబడితే జాలీని నేలవైపు తిప్పి పట్టుకుని, మెత్తటి పొడి బ్రష్‌తో తుడవండి. పైకి తిప్పి తుడిస్తే రాలాల్సింది లోపలికి దిగుతుంది. సూది పెట్టొద్దు, నోటితో ఊదొద్దు, జాలీ మీద శానిటైజర్ పోయొద్దు. రబ్బర్లను మాత్రం గోరువెచ్చని నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి.

ఒకవైపు అసలే చార్జి ఎక్కకపోతే కేస్ లోపలి చిన్న లోహపు చుక్కల మీద చెమట మరక కట్టి ఉంటుంది. పొడి దూదిపుల్లతో రుద్దితే చాలాసార్లు దారికొస్తుంది.

ప్రశ్న: వరంగల్‌ల ఒక దుకాణంల ఏర్‌పాడ్స్ ప్రో మూడు వేలకే ఇస్తున్నరు. డబ్బా సీల్ మంచిగనే ఉంది. – నర్సంపేట

నకిలీదే. సీలు, సీరియల్ నంబరు, మూత తెరవగానే ఫోన్‌లో వచ్చే బొమ్మ, అన్నీ అచ్చు దింపుతున్నారు. ఐఓఎస్ 16 సాఫ్ట్‌వేర్ నుంచి ఐఫోన్ నకిలీవాటిని గుర్తుపడితే అసలైనవని నిర్ధారించలేకపోతున్నామని తెరమీద చెబుతుంది, కానీ అన్నీ దొరకవు. ఆ మూడు వేలకు పేరున్న కంపెనీ మామూలు మోడల్ ఒకటి జీఎస్‌టీ బిల్లుతో వస్తుంది, ఏడాది వారంటీతో.