సీటు విషయం వేరు, ఉద్యోగం విషయం వేరు

ప్రశ్న: మేము రెండు తరాలుగా చెన్నై పెరంబూరులో ఉంటున్న తెలుగువాళ్ళం. మా అబ్బాయికి ఒక తెలుగు మైనారిటీ ఇంజనీరింగ్ కళాశాలలో మైనారిటీ సీటు వచ్చేలా ఉంది. అది పక్షపాతం కాదా అని వాడే అడుగుతున్నాడు. మా అమ్మాయిని ఒక ప్రైవేటు సంస్థ ఇంటర్వ్యూలో పెళ్ళెప్పుడని అడిగి, త్వరలో పెళ్ళయ్యేవాళ్ళు వద్దని పంపేసింది. ప్రైవేటు సంస్థ కాబట్టి వాళ్ళ ఇష్టమేనా?

జవాబు: అమ్మా, అబ్బాయిని నిశ్చింతగా చేరమనండి. మత, భాషా మైనారిటీలు విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలోనే ఉంది. భాషా మైనారిటీ ఎవరో రాష్ట్రాన్ని బట్టి తేల్చాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అందుకే తడ దాటగానే మనం మైనారిటీలం. తమిళనాడులో అలాంటి ఇంజనీరింగ్ కళాశాలలు సగం సీట్లు ప్రభుత్వ కౌన్సెలింగ్‌కు ఇస్తాయి కనుక, మిగతా పిల్లలకు తలుపు మూసినట్టు కాదు. మాతృభాషకు ఏ పత్రం చూపాలో కళాశాలలో ఇప్పుడే కనుక్కోండి. మైనారిటీ సీటు పేరుతో రసీదు లేని డబ్బు అడిగితే మాత్రం ఇవ్వకండి. క్యాపిటేషన్ ఫీజును ఈ రాష్ట్రం 1992లోనే చట్టం చేసి నిషేధించింది.

అమ్మాయికి జరిగింది అన్యాయం. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ 19వ అధికరణంలో ఉన్న మాట నిజమే. అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం పార్సీలకే సభ్యత్వం ఇస్తామంటే 2005లో సుప్రీంకోర్టు కాదనలేదు. కానీ ఉద్యోగం సంఘ సభ్యత్వం కాదు. ఒకే రకమైన పనికి మనిషిని తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతనాల చట్టం ప్రైవేటు యజమానులకూ చెప్పింది. ఇప్పుడు ఆ నియమం వేతనాల కోడ్‌లో ఉంది. వికలాంగులకు 2016 చట్టం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 చట్టం ఇలాంటి రక్షణే ఇస్తాయి. భాష, ప్రాంతం చూసి ప్రైవేటు సంస్థ కాదంటే నిలదీయడానికి ఇలాంటి సమగ్ర చట్టం లేదు. ఆ లోటు నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.

ఈ నగరంలోనే చదువుకున్న సి.బి. ముత్తమ్మ గురించి అమ్మాయికి చెప్పండి. ఆమె విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ. పెళ్ళికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నియమం ఆ సర్వీసులో స్త్రీలకు మాత్రమే ఉండేది. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1979 తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వివక్షను తీవ్రంగా తప్పుపట్టారు. యజమాని సాక్షాత్తూ ప్రభుత్వమే అయినా ఆమె వెనక్కి తగ్గలేదు.

ఇంటర్వ్యూ తేదీ, అడిగినవారి హోదా, అన్న మాటలు అన్న తీరులోనే ఇప్పుడే రాసి పెట్టుకోమనండి. అదే ఉద్యోగానికి వెళ్ళిన అబ్బాయిలను పెళ్ళి గురించి అడిగారేమో కనుక్కోమనండి. అడగలేదంటే మీ వాదనకు అదే బలం. తిరస్కరించిన కారణం చెప్పమని సంస్థకు మర్యాదగా ఈమెయిల్ రాయాలి. కళాశాల ద్వారా వచ్చిన అవకాశమైతే ప్లేస్‌మెంట్ అధికారికీ ప్రతి పంపాలి. జవాబు రాకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. తర్వాతి ఇంటర్వ్యూలో ఎవరైనా మళ్ళీ అదే అడిగితే, "ఈ పనికి కావలసిన అర్హతల గురించి అడగండి, చెబుతాను" అంటే చాలు.