అమ్మకు తెలుగులో చెప్పే గైడ్ దొరుకుతాడా?

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో అండమాన్ వెళ్తున్నాం. నేను, మావారు, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, 71 ఏళ్ల మా అమ్మ. నాలుగు రోజులు స్వరాజ్ ద్వీప్‌లో ఉండి, తిరుగు ప్రయాణానికి ముందు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక్క రోజు ఆగుతాం. ఆ రోజుకి టూర్ ఏజెంటు రెండు రకాలు చెప్పాడు. పన్నెండు మంది ఎక్కే వ్యానులో ఏడు చోట్లు తిప్పేది ఒకటి, మా నలుగురికే కారు, గైడ్ ఇచ్చేది ఇంకొకటి. రెండోదానికి ఖర్చు దాదాపు రెట్టింపు. "అన్నీ ఫోన్‌లోనే ఉంటాయి, గైడ్ ఎందుకు?" అంటారు మావారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, తెలుగు తప్ప వేరే భాష రాదు. ఆ డబ్బు పెట్టడం దండగేనా?
– ఒక కూతురు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: దండగ కాదమ్మా, పెట్టండి. కాకపోతే ఏడు చోట్లకి కాదు, రెండు చోట్లకి: సెల్యులార్ జైలుకి, రాస్ దీవికి. ఎందుకంటున్నానో నా అనుభవంతోనే చెబుతాను.

2011లో మా మామయ్యగారిని అండమాన్ తీసుకెళ్లాం. ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు బళ్లో మేష్టారు చెప్పిన అండమాన్ జైలు కథలు డెబ్బై నాలుగేళ్ల వయసులోనూ ఆయనకి గుర్తే. మేం కూడా వ్యాను టూరే తీసుకున్నాం. "గైడ్ ఉంటాడు" అని డబ్బు కట్టించుకున్నారు. తీరా చూస్తే డ్రైవరే గైడ్. పొద్దున్నుంచి మ్యూజియం, చాతమ్ రంపపు మిల్లు, కార్బిన్స్ కోవ్ బీచ్ అని తిప్పి, ఎండ మండిపోయే వేళకి జైలు దగ్గర దింపి, "నలభై అయిదు నిమిషాల్లో వచ్చెయ్యండి" అన్నాడు. మామయ్యగారు ఒక్క అంతస్తు ఎక్కారు. ఒక గదిలోకి వెళ్లి నిలబడి, పైకి చూసి, దిగి వచ్చేశారు. ఆవరణలో రావిచెట్టు నీడన కూర్చోబెట్టాను. ఆ రాత్రి లాడ్జిలో అడిగారు, "ఏమ్మా, కిటికీ అంత ఎత్తున పెట్టారెందుకంటావు? తలుపు గడియ గోడ లోపలికి పోయిందేమిటి?" నేను విజయవాడలో 31 ఏళ్లు సోషల్ చెప్పినదాన్ని. పారిపోకుండా ఉండటానికి అన్నాను. అంతకు మించి నాకు తెలియదు. ఆయన మరుసటి ఏడాది కాలం చేశారు.

2019లో మా అక్కతో మళ్లీ వెళ్లినప్పుడు ఈసారి వ్యాను వద్దనుకున్నాను. తెలుగు వచ్చిన గైడ్ కావాలని ముందే అడిగి పెట్టుకున్నాను. వచ్చినతను పుట్టింది అక్కడే, తాతగారిది శ్రీకాకుళం తీరం. మాటలో ఇంకా ఆ యాస పోలేదు. "టీచరమ్మా, అంత బేగి నడవకండి, ఇక్కడ సూడవలసింది చాలా ఉంది" అంటూ మమ్మల్ని ఆపాడు. మామయ్యగారు అడిగిన రెండు ప్రశ్నలకీ జవాబు నాకు అప్పుడు దొరికింది.

జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. మధ్యలో ఒక కాపలా గోపురం, దాని నుంచి బండి చక్రం ఆకుల్లా ఏడు విభాగాలు, ఒక్కొక్కటి మూడంతస్తులు. ఒక విభాగం ముందు భాగం పక్కదాని వెనక భాగానికి ఎదురుగా వచ్చేలా కట్టారు. గదిలోంచి చూస్తే ఎదురుగా కనిపించేది అవతలి విభాగం వెనక గోడే, మనిషి ముఖం కాదు. గది సుమారు నాలుగున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు. గాలి కన్నం దాదాపు మూడు మీటర్ల ఎత్తులో ఉంటుంది. గాలి వస్తుంది, వెలుతురు కొంచెం వస్తుంది, పక్క ఖైదీ కనపడడు. గడియ తలుపుకి దూరంగా గోడలో చేసిన గూట్లో పడుతుంది కాబట్టి ఊచల్లోంచి చెయ్యి ఎంత చాపినా అందదు. గైడ్ మా అక్కని లోపల నిలబెట్టి, చెయ్యి బయటికి పెట్టి గడియ అందుకోమన్నాడు. ఆవిడకి అందలేదు. ఆ జైలు నాకు అర్థమయింది ఆ క్షణంలోనే. తోటి మనిషిని కనపడనివ్వకపోవడమే అక్కడ అసలు శిక్ష. ఫోన్‌లో చదివితే కొలతలు తెలుస్తాయమ్మా. కానీ మీ అమ్మగారి చెయ్యి పట్టుకుని గడియ దగ్గర నిలబెట్టి చెప్పేవాళ్లు ఉండరు కదా.

ఏడు విభాగాల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. అది జాతీయ స్మారకం అయింది 1979లో. ఖైదీల చేత తిప్పించిన నూనె గానుగ నమూనా కూడా అక్కడే ఉంది. గోపురంలో ఖైదీల పేర్లు చెక్కి ఉంటాయి. మెట్లు ఎక్కువ, మీ అమ్మగారిని అక్కడిదాకా ఎక్కించకండి. మీ అమ్మాయిని పంపండి. రంప పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర కూడా అండమాన్ శిక్ష అనుభవించి వచ్చినవాడేనని, తర్వాత 1952లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడని ఆ పిల్లకి ముందే చెప్పి పంపండి. అప్పుడు ఆ పేర్లు చూడటంలో తేడా ఉంటుంది.

ఇక తెలుగు గైడ్ దొరుకుతాడా అన్నది. దొరుకుతాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. కాబట్టి ఏజెంటు "తెలుగువాళ్లు ఉండరండీ" అంటే నమ్మకండి, గట్టిగా అడగండి. డబ్బు కట్టే ముందే ఆ గైడ్‌తో మీ అమ్మగారిని ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడించండి. ఆవిడ నాలుగు మాటలు అడిగి, అవతలి నుంచి ఓపికగా జవాబు వస్తే ఆ మనిషిని పెట్టుకోండి. మాతో వచ్చేది మీరేనా, డ్రైవరా అని కూడా అప్పుడే తేల్చుకోండి. మేం మోసపోయింది అక్కడే.

రెండో చోటు రాస్ దీవి. 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. టికెట్ల మీద ఏ పేరు కనిపించినా కంగారు పడకండి. అబర్డీన్ జెట్టీ నుంచి పడవలో కాసేపట్లో చేరిపోతారు. చాలా చిన్న దీవి. మన భవానీ ద్వీపం సుమారు 130 ఎకరాలంటారు కదా, ఇది అందులో సగం కాస్త దాటుతుంది, అంతే. అంత చిన్న చోట 1858 నుంచి బ్రిటిష్‌వాళ్లు రాజధాని పెట్టుకుని, ఖైదీల కష్టంతో చర్చి, బంగళాలు, రొట్టెల బట్టీ, క్లబ్బు కట్టించుకున్నారు. 1941 భూకంపంలో దెబ్బతింది, 1942లో జపాన్ సైన్యం వచ్చింది, తర్వాత ఖాళీ అయిపోయింది. ఇప్పుడు గోడల్ని మర్రిజాతి వేళ్లు తాళ్లలా చుట్టేసి ఉంటాయి. కొన్నిచోట్ల ఇటుకలు ఊడిపోయినా వేళ్లే గోడ ఆకారంలో నిలబడ్డాయి. జింకలు మనుషులకు భయపడకుండా దగ్గరికి వస్తాయి. వాటికి చిప్స్ పెట్టొద్దని మీ అమ్మాయికి చెప్పండి.

రాస్‌లో ఎత్తుపల్లాలు ఉన్నాయి, కానీ పెద్దవాళ్ల కోసం బ్యాటరీ బండ్లు తిరుగుతాయి. అందరితో కలిసి వెళ్లే పడవ అయితే తిరిగి వచ్చే టైము వాళ్లే చెబుతారు, దాంతో టెన్షన్ పడుతూ చూడాలి. ఎంతసేపు ఉండనిస్తారో ఎక్కకముందే గైడ్ చేత అడిగించండి. గంట చాలదు, గంటన్నర పైన ఉండాలి.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనవాడు కాదు. అండమాన్ మనకి తూర్పున దాదాపు 12 డిగ్రీల దూరం, అంటే పొద్దు ముప్పావు గంటకు పైగా ముందు నడుస్తుంది. సంక్రాంతి రోజుల్లో గుంటూరులో ఆరు కావస్తుండగా సూర్యుడు అస్తమిస్తే, అక్కడ అయిదుంబావుకే దిగిపోతాడు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టే "హాఫ్ డే టూర్" ఒప్పుకుంటే సగం చీకట్లో పోతుంది.

మీ నలుగురికీ నేనైతే ఇలా చేస్తాను. పొద్దున ఎనిమిదిన్నరకల్లా జెట్టీ దగ్గర ఉండి రాస్ చూసి, పదకొండున్నరకి లాడ్జికి తిరిగి వచ్చేయండి. భోంచేసి అమ్మగారు ఒక కునుకు తియ్యాలి. రెండున్నరకి జైలు. చీకటి పడ్డాక అదే ఆవరణలో సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది. తెలుగులో ఉండదు కాబట్టి కథంతా ముందే అమ్మగారికి చెప్పమని గైడ్‌ని అడగండి. మా అక్కకి అలాగే చెప్పాడు. హిందీ రాకపోయినా ఆవిడ షో చూస్తూ ఏడ్చింది. జైలుకి, రాస్‌కి వారంలో సెలవు రోజులు వేరువేరు. విమానం టికెట్లు తీసేముందే మీ ఒక్క రోజు వాటి మీద పడకుండా చూసుకోండి.

బేరం మాట్లాడేటప్పుడు గంటల లెక్కనా, కిలోమీటర్ల లెక్కనా అని అడగండి. మధ్యాహ్నం మీరు పడుకున్న మూడు గంటలకీ కారు వెయిటింగ్ వేస్తారేమో కనుక్కోండి. పడవ టికెట్లు, ప్రవేశ రుసుము, కెమెరా, పార్కింగ్ ఎవరివో వాట్సాప్‌లో రాయించుకోండి. అలా రాయించుకుంటే రెట్టింపు అన్న ఖర్చు కూడా కొంత దిగుతుంది, ఎందుకంటే ఏడు చోట్లు తిరిగే పెట్రోలు మీకు అక్కర్లేదు.

మీ అమ్మాయి కోసం ఒక చిన్న పని. పాత ఎర్ర 20 రూపాయల నోటు ఒకటి సంపాదించి పర్సులో పెట్టుకోండి. కొత్త నోటు మీద ఎల్లోరా ఉంటుంది, అది కాదు. పాత నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య కనిపించే సముద్రం అండమాన్‌దే, మౌంట్ హారియట్ వైపు నుంచి చూసిన దృశ్యం. అందులోని లైట్‌హౌస్ నార్త్ బేలో ఉంది. రాస్ పడవలోంచి నార్త్ బే ఏదో గైడ్‌ని చూపించమనండి. ఇన్నాళ్లూ చేతులు మారిన నోటు మీది చోటు ఎదురుగా కనపడితే పిల్లలకి ఆ రోజు మర్చిపోవడం ఉండదు.

ప్రశ్న: మేం స్నేహితులం అయిదుగురం వెళ్తున్నాం. బారాటాంగ్ సున్నపురాయి గుహలకి ప్రైవేటు కారు మాట్లాడాం. దారిలో జారవా ఆదివాసీలను దగ్గరగా చూపిస్తానని, కొంచెం ఎక్కువ ఇమ్మని డ్రైవరు అంటున్నాడు. ఇవ్వొచ్చా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఇవ్వొద్దు బాబూ. ఆ డ్రైవరుతో వెళ్లనే వద్దు. ఆ రోడ్డు జారవాల రక్షిత అడవిలోంచి పోతుంది. బండ్లన్నీ నిర్ణీత వేళల్లో వరసగా, కాన్వాయ్‌గా వెళ్లాలి. మధ్యలో ఆగడం, ఫొటో తీయడం, తినేవి ఇవ్వడం నేరం. కేసు మీ మీద కూడా పడుతుంది. అయితే నేను వద్దంటున్నది కేసుకి భయపడి కాదు. వాళ్లు కొన్ని వందల మందే మిగిలారు. మనకి జలుబుతో పోయే జబ్బు వాళ్లకి ప్రాణం మీదికి రావచ్చు. 1999లో వాళ్లలో తట్టు వ్యాపించి చాలామంది మంచాన పడ్డారు. వాళ్ల ఇంటి మధ్యలోంచి మనం దారి వేసుకుని వెళ్తున్నాం, కిటికీలోంచి చెయ్యి చాపి బిస్కెట్ ఇవ్వడం దయ అనిపించుకోదు. గుహలు చూడాలంటే తెల్లవారుజామునే కాన్వాయ్‌లో వెళ్లి, అద్దాలు దించకుండా దాటి, గుహలు చూసి రండి. ఆ డ్రైవరు అడిగిన మాట ఏజెంటుకి చెప్పి వేరే బండి పంపమనండి.

ప్రశ్న: అండమాన్ నుంచి మనవరాలికి గవ్వలు, పగడపు ముక్కలు తెమ్మంది మా కోడలు. బీచ్‌లో ఏరుకోవచ్చా?
– కొత్తపేట, గుంటూరు

జవాబు: పగడం ముక్క ఒక్కటి కూడా వద్దు. చచ్చినదైనా, విరిగినదైనా సరే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, విమానాశ్రయంలో సామాను తనిఖీలో పట్టుకుంటారు. శంఖాల్లో, గవ్వల్లో కూడా కొన్ని జాతులకు అదే చట్టం. ఇసుకలో ఏరినవి తేకండి. సర్కారు ఎంపోరియంలో అమ్మేవి కొని, బిల్లు చేతిసంచీలో పైనే పెట్టుకోండి.