ఇల్లు-వాకిలి ప్రశ్నోత్తరాలు: తలుపుకు మెరుపెంత?

ప్రశ్న: కొత్త ఇల్లు కట్టాం. వీధి వాకిలి టేకు, లోపలి గుమ్మాలు వేప, తలుపులు ఫ్లష్ డోర్లు. పెయింటరు గ్లాసీ (బాగా మెరిసే) ఎనామిలే అంటున్నాడు, షాపులో శాటిన్ (కొద్దిగా మెరిసేది) చూపించారు, మా అబ్బాయి మాట్ (మెరుపు లేనిది) కావాలంటున్నాడు. ఏది వెయ్యాలి?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: ఇల్లంతటికీ ఒకటే వెయ్యాలనుకుంటేనే చిక్కు. షేడ్ కార్డు పక్కన పెట్టి, ఏ తలుపును రోజూ ఏం తాకుతుందో చూడండి.

వంటింటికి, బాత్రూముకు గ్లాసీ. జిడ్డయినా నీటి చుక్కలైనా తడిగుడ్డతో పోతాయి. కానీ గ్లాసీలో ప్రతి సొట్టా, ప్రతి గీతా కనిపిస్తుంది. నున్నగా ఉండే ఫ్లష్ డోరుకు బాగుంటుంది గానీ, ఎగుడుదిగుడు పీచుండే వేప గుమ్మానికి నప్పదు. గుమ్మాలకు, పడకగది తలుపులకు శాటిన్ మేలు. మాట్ చూడ్డానికి అందంగానే ఉంటుంది. అయితే గొళ్లెం దగ్గర చేతి మురికి పడుతుంది, దాన్ని రుద్ది తుడిస్తే అక్కడొక్కచోటే మెరుపు తేలుతుంది. మీ అబ్బాయి సరదా చెయ్యి తగలని గోడ ప్యానెల్‌ మీద తీర్చండి.

ఇక పని వరస. 120 నంబరు ఉప్పు కాగితంతో పీచు వెంబడి రుద్ది, దుమ్ము దులిపి, వుడ్ ప్రైమర్ ఒక కోటింగు. మర్నాడు మేకు గుంతలకు, సందులకు లప్పం పెట్టి, ఆరాక 180తో రుద్దాలి. ఆ లప్పం మీద మళ్లీ ప్రైమర్ పడాలి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే. ఎగ్గొడితే లప్పం పెయింటును పీల్చేసుకుని, అక్కడక్కడా మెరుపు చచ్చిన మచ్చలు తేలతాయి. తర్వాత 220తో రుద్ది మొదటి ఎనామిల్, రాత్రంతా ఆరనిచ్చి, 320తో పైపైన రుద్ది రెండోది. గోడలకు మిగిలిన సిమెంటు లప్పాన్ని చెక్కకు వాడనివ్వకండి. చెక్క ఉబ్బి తగ్గినప్పుడల్లా అది పగిలి రాలిపోతుంది.

బ్రష్షుతో లీటరు ఎనామిల్ ఒక కోటింగుకు సుమారు 100 నుంచి 120 చదరపు అడుగులు వస్తుంది. 7 అడుగులు, 3 అడుగుల తలుపు రెండు వైపులా, గుమ్మంతో కలిపి, రెండు కోటింగులకు లీటరు పైచిలుకు పడుతుంది. తలుపు బిగించక ముందే అడుగు అంచుకూ, పై అంచుకూ ప్రైమర్, పెయింటు రెండూ వేయించండి. బాత్రూం తలుపులు ముందు అడుగునే ఉబ్బేది ఆ అంచు పచ్చిగా వదిలెయ్యడం వల్లనే.

గడప సంగతి వేరు. వారం వారం పసుపు రాసేచోట పాలిష్ పెట్టిస్తే, అరిగినచోటల్లా పసుపు పీచులోకి దిగిపోతుంది. సబ్బుతో కడిగితే మరక ఎర్రబడుతుంది కూడా. మన వీధుల్లో గడపకు పసుపు రంగు గ్లాసీ ఎనామిల్ వెయ్యడం ఊరికే రాలేదు.

ప్రశ్న: కిటికీ రెక్కలకు రెండో కోటింగు వేసిన సాయంత్రానికే ముడతలు తేలాయి. పెయింటు నకిలీదా?
– పలమనేరు పాఠకుడు

జవాబు: నకిలీ అనుకునే ముందు రెండు విషయాలు అడగండి. మొదటి కోటింగు ఆరకముందే రెండోది దట్టంగా వేశారా? ఎండ పడుతున్నప్పుడు వేశారా? అప్పుడు పైన పొర కట్టేస్తుంది, అడుగున పచ్చిగానే ఉంటుంది. ముడత అందుకే. టర్పెంటాయిల్‌కు బదులు ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ లాకర్లలో కలిపే ఘాటు ద్రావకం) కలిపినా ఇంతే, అది కింది ఎనామిల్‌ను కరిగించి లేపేస్తుంది. ఇప్పుడు వెంటనే గీకితే సాగుతుంది. వారం ఆగి, గోరు నొక్కితే గుంట పడనప్పుడు ముడతలు గీకేసి, 180తో రుద్ది, చెక్క బయటపడ్డచోట ప్రైమర్ వేసి, పల్చగా రెండు కోటింగులు వేయించండి.

ప్రశ్న: పూజగది టేకు తలుపులకు మెలమైన్ (చెక్క రంగు కనిపించే పాలిష్) వేయిస్తే తెల్లగా పాలుకట్టింది. పీయూ (పాలీయురెథేన్ పాలిష్) వేసుంటే బాగుండేదా?
– శ్రీకాళహస్తి నుంచి

జవాబు: వానల్లో వేయించి ఉంటారు. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు చెక్క పైభాగం చల్లబడి, ఆ తేమ పొరలో చిక్కుకుంటుంది. పొడిగా ఉన్న రోజు చూసి రిటార్డర్ థిన్నర్ (నెమ్మదిగా ఆవిరయ్యేది) పల్చగా స్ప్రే చేయిస్తే చాలాసార్లు తేటపడుతుంది. పోకపోతే 320తో రుద్ది మళ్లీ వెయ్యాల్సిందే. పూజగదికి పీయూ నయమే: దీపం నూనె, నీళ్లు, మసి తుడుపుడు అన్నిటికీ ఓర్చుకుంటుంది. అదీ తడి గాలిలో వేయించేది కాదు. పీయూను గట్టిపరిచే హార్డెనర్‌ను డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి, కలిపింది మర్నాటికి దాచడం కుదరదు. చంద్రస పాలిష్ (స్పిరిట్‌లో బంక కరిగించి చేసేది) మాత్రం అక్కడ వద్దు, వేడికి మెత్తబడుతుంది.

ప్రశ్న: అల్మరా లోపల వేసిన తెల్ల ఎనామిల్ పసుపెక్కింది. బయట వేసింది తెల్లగానే ఉంది. ఎందుకు?
– మదనపల్లె పాఠకురాలు

జవాబు: ఆయిల్ ఎనామిల్ చీకట్లోనే ఎక్కువ పసుపెక్కుతుంది, వెలుతురు తగిలేచోట తక్కువ. తుడిస్తే పోదు. 220తో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, వాటర్ బేస్ ఎనామిల్ రెండు కోటింగులు వేయించండి. తలుపులు రెండు మూడు రోజులు తీసే ఉంచి, ఆ తర్వాతే బట్టలు సర్దండి.