టెక్ సందేహాలు: ఆ అడ్మిన్ పాస్‌వర్డ్‌తో మీకేం పని?

ప్రశ్న: సికింద్రాబాద్‌లో 17 వేలు పెట్టి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. మిగతా అంతా బాగుంది. కానీ ఏ సాఫ్ట్‌వేర్ వేయబోయినా 'అడ్మిన్' అని ఒక పేరు చూపించి పాస్‌వర్డ్ అడుగుతోంది. షాపుకి ఫోన్ చేస్తే, "అది మా టెక్నీషియన్‌కే తెలుసు, తీసుకురండి, 500 అవుతుంది" అంటున్నారు. ఖమ్మం నుంచి మళ్లీ అంత దూరం వెళ్లలేను. ఆ పాస్‌వర్డ్ తీసేసే ఉపాయం చెప్పండి.
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

ఇలాంటి ఉత్తరాలు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ఊరు మారుతుంది, షాపు మారుతుంది, ఆ 500 మాత్రం మారదు. చివరికి అందరూ అడిగేదీ ఒక్కటే, పాస్‌వర్డ్ తీసే ఉపాయం. నేను చెప్పను. తెలియక కాదు. ఆ అకౌంట్ మీది కాదు, దాన్ని తెరిచి మీరు బాగుపడేదీ లేదు. ఇల్లు కొన్నవాడు పాత యజమాని తాళంచెవికి నకలు చేయించుకోడు, తాళమే మారుస్తాడు.

యూట్యూబ్‌లో చూపించే చిట్కా, లాగిన్ స్క్రీన్ దగ్గర ఒక సిస్టమ్ ఫైల్ స్థానంలో ఇంకోటి పెట్టేది, మీరూ చూసే ఉంటారు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, అంటే కీ లేనిదే చదవలేని రూపంలో ఉంటే, అది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఒకవేళ పనిచేసినా మీ చేతికొచ్చేది ఎవరో వేసిన పాత విండోస్, అందులో ఏమేం ఉన్నాయో తెలియదు. ఇక 'పాస్‌వర్డ్ రిమూవర్' అని ఎక్కడో దొరికే ఫైల్‌ను పెన్ డ్రైవ్‌లో వేసి బూట్ చేసేవాళ్లకు, అంటే దాంతోనే కంప్యూటర్‌ను మొదలుపెట్టేవాళ్లకు, నాదొక ప్రశ్న. అది మీ డిస్క్ మొత్తాన్ని చదవగలదు, అందులో తనకు కావలసింది రాయగలదు. దాన్ని చేసినవాడెవడో మీకు తెలుసా?

నన్ను భయపెట్టేది మీకు సాఫ్ట్‌వేర్ ఎక్కకపోవడం కాదు. ఆ 'అడ్మిన్' ఇంకా అందులోనే ఉన్నాడు, అదీ భయం. మీది మామూలు యూజర్ అకౌంట్. అడ్మిన్ అకౌంట్ ఉన్నవాడు మీ ఫోల్డర్లు తెరవగలడు, మీ పాస్‌వర్డ్ మార్చగలడు. మీరు టైప్ చేసే ప్రతి అక్షరాన్నీ దాచుకునే ప్రోగ్రామ్‌ను, సిస్టమ్ ఆన్ కాగానే దానంతట అది మొదలయ్యేలా పెట్టగలడు. తన సొంత సర్టిఫికెట్‌ను (సైట్ అసలైనదేనని బ్రౌజర్‌కు హామీ ఇచ్చేది) నమ్మకమైన వాటి జాబితాలో చేర్చితే, బ్రౌజర్‌లో తాళం గుర్తు కనిపిస్తున్నా మీకూ బ్యాంకుకూ మధ్య నడిచే మాటలు వినే దారి తెరుచుకుంటుంది. వీటిలో దేనికీ మీ అనుమతి అడగడు. అడిగే అవసరమే లేదు, యంత్రం దృష్టిలో యజమాని అతనే.

షాపువాళ్లంతా దొంగలని అనడం లేదు. ఎక్కువమందిది బద్ధకం. ఒక ల్యాప్‌టాప్‌లో విండోస్, ఆఫీసు సాఫ్ట్‌వేర్, క్రాక్‌లు (లైసెన్స్ లేకుండా నడిపించే దొంగ ప్రోగ్రామ్‌లు) అన్నీ వేసి, దాని కాపీనే వచ్చిన సరుకంతటికీ ఎక్కిస్తారు. అన్నిటికీ అదే అడ్మిన్, అదే పాస్‌వర్డ్. అంటే మీతోపాటు అక్కడ కొన్న ప్రతివాడి తలుపుకూ ఒకే చెవి. క్రాక్ ఎక్కాలంటే యాంటీవైరస్ ఆపాలి కాబట్టి దాన్నీ ఆపేసి ఉంచుతారు. కొన్నేళ్ల క్రితం నేనే ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాను. దూరం నుంచి నడిపే రిమోట్ యాప్ ఒకటి అందులో నిశ్శబ్దంగా నడుస్తోంది, పాస్‌వర్డ్ కూడా ముందే పెట్టి ఉంది. అడిగితే, "కస్టమర్‌కి ప్రాబ్లమ్ వస్తే ఇక్కడి నుంచే చూస్తాం సార్, ఫ్రీ సర్వీస్" అన్నాడు. అతను నిజమే చెప్పి ఉండొచ్చు. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి వారం రోజులుగా దాంట్లోనే కరెంటు బిల్లు, ఇంటి లోను కట్టాను మరి.

కాబట్టి చేయాల్సింది ఒకటే, మొత్తం తుడిచేయండి. మీ ఫోటోలు, నోట్స్ ఏమైనా ఉంటే కాపీ చేసుకోండి, .exe ఫైళ్లు (ప్రోగ్రామ్‌లు) మాత్రం వద్దు. స్నేహితుడి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సొంత సైట్ నుంచే విండోస్ ఇన్‌స్టాలర్ తెచ్చి 8 జీబీ పెన్ డ్రైవ్‌లో వేయండి. దాంతో బూట్ చేసి, పాత పార్టిషన్లన్నీ (డిస్క్‌ను విడగొట్టిన భాగాలు) డిలీట్ చేసి, ఖాళీ డిస్క్ మీద వేయండి. దీనికి ఏ అడ్మిన్ పాస్‌వర్డూ అక్కర్లేదు. సెటప్‌లో మీరు చేసే మొదటి అకౌంటే అడ్మిన్ అవుతుంది.

"లాగిన్ స్క్రీన్‌లోనే షిఫ్ట్ నొక్కి రీస్టార్ట్ కొడితే రీసెట్ వస్తుంది కదా, అది చాలదా?" అని అడిగేవాళ్లుంటారు. పాత యజమాని మీ అన్నయ్యో బాబాయో అయితే చాలు. ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర కొన్నది అయితే చాలదు. రికవరీ ఫోల్డర్‌లో ముందుగా పెట్టిన ప్యాకేజీలను రీసెట్ తర్వాత మళ్లీ ఎక్కించే ఏర్పాటు విండోస్‌లోనే ఉంది. కంపెనీలు తమ డ్రైవర్ల కోసం వాడుకునే దారి అది, వేరేవాళ్లు వాడుకోకూడదని ఏమీ లేదు.

లైసెన్స్ గురించి టెన్షన్ వద్దు. విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ అయితే, విండోస్ 8 కాలం నుంచి కీ మదర్‌బోర్డు చిప్‌లోనే ఉంటోంది. అదే ఎడిషన్ (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) వేసి నెట్ కలిపితే సాధారణంగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. కాలేదంటే, షాపువాడు 'ఒరిజినల్ విండోస్' అని అమ్మింది ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం మరవకండి. సెటప్ నడిచేటప్పుడు వైఫై కలిపే ఉంచండి. ఎందుకో విజయవాడ నుంచి వచ్చిన ఈ ఉత్తరం చూడండి.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్ కొని ఆర్నెల్లు వాడాను. స్లో అయిందని ఫార్మాట్ కొట్టించాను. ఇప్పుడు సెటప్‌లో ఏదో కంపెనీ పేరు వచ్చి వాళ్ల ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అవమంటోంది. ఎస్‌ఎస్‌డీ మార్చినా అదే!

ఎస్‌ఎస్‌డీ కాదు, ర్యామ్, బ్యాటరీ, స్క్రీన్ అన్నీ మార్చినా అదే వస్తుంది. ఆ కంపెనీ ఈ ల్యాప్‌టాప్ హార్డ్‌వేర్ గుర్తును తన పేరున మైక్రోసాఫ్ట్ దగ్గర ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంది. సెటప్‌లో నెట్ కలపగానే విండోస్ అక్కడ అడిగి, "నీ యజమాని ఫలానా" అని తెలుసుకుంటుంది. మీకు అమ్మినవాడు నెట్ లేకుండా సెటప్ ముగించి అమ్మేశాడు, అందుకే ఆర్నెల్లు హాయిగా నడిచింది. మొదటి సెటప్‌లోనే వైఫై కలిపి ఉంటే ఆ రోజే బయటపడేది. ఆ నమోదు తీయాల్సింది ఆ కంపెనీ ఐటీ విభాగమే. అమ్మినవాడి దగ్గరికే వెనక్కి తీసుకెళ్లి డబ్బులు వాపస్ అడగండి. బయోస్ పాస్‌వర్డ్ (విండోస్ కంటే ముందే, ఆన్ చేయగానే అడిగేది) ఉన్న ల్యాప్‌టాప్ విషయంలోనూ ఇదే మాట. మదర్‌బోర్డు మీది చిన్న సీమోస్ బ్యాటరీ పీకి పెడితే పోతుందన్నది పాత డెస్క్‌టాప్‌ల నాటి కబురు. ఇప్పటి ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ పాస్‌వర్డ్ కరెంటుతో పనిలేని చిప్‌లో ఉంటుంది.

సరుకు దొంగది కావచ్చు, లేదా లీజు ముగిసి గంపగుత్తగా అమ్మేసినది కావచ్చు. రెండోదే అయితే నా కోపం షాపు మీద కాదు, ఆ కంపెనీ మీద. వందల ల్యాప్‌టాప్‌లను వదిలించుకునేటప్పుడు జాబితాలో నుంచి పేర్లు తీయడానికి ఒక మనిషికి ఒక పూట పని. ఆ పూట పని మిగుల్చుకుంటే, దాని ఫలితం ఎక్కడో విజయవాడలో 15 వేలు పెట్టినవాడి నెత్తిన పడుతుంది. పాత ఫోన్ కొనేముందు కేవైఎం (KYM) అని టైప్ చేసి, ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కు ఉండే ప్రత్యేక నంబర్) జోడించి 14422కు ఎస్‌ఎంఎస్ పంపితే అది బ్లాక్ అయి ఉందో లేదో చెబుతారు. ల్యాప్‌టాప్‌కు అలా అడిగే నంబరే లేదు. దొంగ సొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ఉంది. తెలుసుకునే దారి మాత్రం ఎవరూ చూపరు.

ఇంతా చెప్పి, అనుమతి లేదని విండోస్ చూపించే ఆ డైలాగ్ బాక్స్ సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బరం తగ్గదు. "మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి" అంటుంది. ఎవరా అడ్మినిస్ట్రేటర్? వెయ్యిమంది పనిచేసే ఆఫీసులో ఈ మాటకు అర్థం ఉంది. నెల్లూరులో కిరాణా కొట్టు లెక్కలు చూసుకునే ఆయన ఎవరిని సంప్రదించాలి, కలెక్టరునా? ఇంకో వింత కూడా ఉంది. ఉన్న ఒక్క అడ్మిన్ అకౌంట్‌నూ పొరపాటున మామూలు యూజర్‌గా మార్చేస్తే, ఆ తర్వాత అనుమతి అడిగే పెట్టెలో 'యస్' బటన్ బూడిద రంగులో ఉండిపోతుంది, నొక్కుదామన్నా పడదు. ఎందుకో ఒక్క ముక్క రాయరు. కారు డోరు సరిగా మూసుకోకపోతే డాష్‌బోర్డు చెబుతున్న రోజుల్లో ఇదేం పద్ధతి? ఏటా ఐకాన్ల మూలలు గుండ్రంగా చెక్కడానికి తీరిక ఉంటుంది, ఈ పెట్టెలో మాత్రం, "ఈ కంప్యూటర్ యజమానిగా ఫలానా అకౌంట్ నమోదై ఉంది, మీరు కొన్నదైతే ఇలా చేయండి" అని రెండు వాక్యాలు రాయడానికి ఉండదు.

ఖమ్మం తమ్ముడూ, ఆ 500 పెట్టి మంచి పెన్ డ్రైవ్ కొనుక్కో. విండోస్ కొత్తగా వేసేదాకా ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు సైట్ తెరవకు. ఇప్పటికే తెరిచి ఉంటే పాస్‌వర్డ్ ఇవాళే మార్చు, అదీ నీ ఫోన్‌లో నుంచి.