పాత షాట్‌గన్ రేటు ఎలా అంచనా వేస్తారు? పాతదైతే ఖరీదు ఎక్కువేనా?

కాదు, వయసు ఒక్కటే చూసి రేటు కట్టరు, ఏ కంపెనీ ఏ మోడల్, ఏ గేజ్ (గొట్టం లోపలి సైజు), ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి ఒరిజినల్ ఫినిష్ ఎంత మిగిలుంది అన్నవే అసలు లెక్క. ఎందుకంటే కలెక్టర్‌కి కావాల్సింది అరుదైనది, ఎవరూ చెయ్యి పెట్టనిది, వేటకి కొనేవాడికి మాత్రం బాగా పేలితే చాలు, ఈ ఇద్దరూ పెట్టే డబ్బు ఒకటి కాదు.

అమెరికాలో వించెస్టర్ మోడల్ 12 తీసుకోండి. 1912 నుంచి మామూలు ప్రొడక్షన్ ఆగిన 1964 దాకా దాదాపు 20 లక్షలు తయారయ్యాయి, అందుకే సాదా 12 గేజ్‌ది ఈజీగానే దొరుకుతుంది, అదే మోడల్ 28 గేజ్‌లో చాలా తక్కువ కాబట్టి దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. బ్యారెల్ కోసినా, భుజానికి ఆనించే బట్ వెనక కొత్త రబ్బర్ ప్యాడ్ వేయించినా కలెక్టర్ వెంటనే రేటు తగ్గిస్తాడు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే, అమ్మే ముందు పాలిష్ కొట్టించి మళ్లీ బ్లూయింగ్ (ఉక్కుకి తుప్పు పట్టకుండా వేసే నల్లటి నీలం పూత) చేయిస్తే ఎక్కువ వస్తుందనుకుంటారు, నిజానికి మంచి కండిషన్‌లో ఉన్న ఒరిజినల్ పీస్‌కి అలా చేస్తే విలువ పడిపోతుంది (చెక్కిన అక్షరాలు కూడా అరిగిపోతాయి). ఇంకోటి, 1900 ముందు బెల్జియంలో చవగ్గా చేసి అమెరికా హార్డ్‌వేర్ షాపుల్లో అమ్మిన డబుల్ బ్యారెల్స్‌కి వందేళ్లు దాటినా చాలావాటికి గోడకి తగిలించుకునే రేటే, వాటిలో డమాస్కస్ బ్యారెల్ (ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికి చేసిన గొట్టం) ఉంటే ఇప్పటి తూటాలు వేసి కాల్చడం ప్రమాదం కూడా.