అబ్బాయి కూర్చిన సంగీతం గురించి ఏమని చెప్పాలి?

ప్రశ్న: మేము చెన్నైలోని కొళత్తూరులో ఉంటున్నాం. ప్లస్ వన్ చదువుతున్న మా అబ్బాయి లాప్‌టాప్‌లో కీబోర్డు, వేణువు, వయొలిన్ ధ్వనులతో మోహన రాగంలో నాలుగు నిమిషాల వాద్య సంగీతం కూర్చాడు. బంధువులందరూ చాలా బాగుందన్నారు. వయొలిన్ నేర్పే గురువుగారు మాత్రం "రాగం నిలబడలేదు" అన్నారు. అప్పటి నుంచి వాడు దాన్ని మళ్లీ తెరవలేదు. సంగీతం తెలియని మేము ఏమని చెప్పాలి? దీన్ని వృత్తిగా ఎంచుకోనివ్వవచ్చా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు పంపిన రికార్డింగును మూడుసార్లు విన్నాను. బంధువుల మెప్పులోనూ గురువుగారి విమర్శలోనూ ఒకే లోపం ఉంది: ఫలానా చోట అని ఎవరూ చూపించలేదు. చోటు తెలియని విమర్శ ఎంత నిజమైనా, పదహారేళ్ల పిల్లవాడికి అది తన మీద తీర్పులాగానే వినిపిస్తుంది.

గురువుగారు అన్నది నిజమే. మోహనంలో మధ్యమం (మ), నిషాదం (ని) అనే స్వరాలు ఉండవు. రెండో నిమిషం మొదట్లో నిషాదం స్పష్టంగా వినిపిస్తోంది. అయితే అది వచ్చింది వేణువు పలికే బాణీలో కాదు, దాని కింద కీబోర్డు మీద ఎడమచేతితో వేసిన కార్డులో, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులో. పంచమం (ప) మీద మేజర్ కార్డు వేస్తే ప, ని, రి మూడూ కలిసి మోగుతాయి కనుక, రాగం తెలిసిన పిల్లవాడి చేతిలో కూడా నిషాదం తెలియకుండానే వచ్చి చేరుతుంది. అందువల్ల మీరు మొదట అడగవలసింది "ఆ స్వరం కావాలనే పెట్టావా, కార్డుతో పాటు వచ్చిందా?" అని. కావాలనే పెట్టానంటే, ఎందుకు పెట్టాడో చెప్పనివ్వండి. కాదంటే, నిషాదం తీసేసి ప, రి మాత్రమే ఉంచి ఒకసారి వినమనండి. రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి విన్నప్పుడు ఏది ఉండాలో వాడి చెవే చెబుతుంది.

వేణువు భాగం ఒకచోట ఇరవై సెకన్లకు పైగా ఆగకుండా సాగుతుంది. కంప్యూటరుకు ఊపిరి అక్కరలేదు గాని వాయించే మనిషికి కావాలి. ఆ పలుకును రెండుగా విరిస్తే మధ్యలో వచ్చే నిశ్శబ్దం వల్ల బాణీ కూడా తేటపడుతుంది. మొదటి నలభై సెకన్లలో వయొలిన్ అడిగిన దానికి వేణువు బదులు చెప్పే తీరు నాకు నిజంగా నచ్చింది, ఆ మాట నా తరఫున వాడికి తప్పక చెప్పండి.

సంగీతం తెలియదని మీరు సంకోచించనక్కరలేదు. "మూడో నిమిషం దగ్గర నా మనసు పక్కకు పోయింది" అని తల్లి చెప్పగలిగితే, శ్రోత మనసు ఎక్కడ జారిందో పిల్లవాడికి తెలుస్తుంది. ఎలా సరిదిద్దాలో మాత్రం మీరు చెప్పకండి, ఆ పని వాడిది.

వృత్తి విషయానికి వస్తే, గ్రూపు మార్చవలసిన తొందర ఇప్పుడు లేదు. మీ ఊళ్లోనే 2008లో ఎ.ఆర్. రెహమాన్ స్థాపించిన సంగీత విద్యాలయం కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. ట్రినిటీ కాలేజ్ లండన్ వారి సంగీత గ్రేడ్ పరీక్షలను స్కూలు చదువుతో పాటే రాయవచ్చు. సినిమాకైనా, ప్రకటనకైనా, వీడియో గేమ్‌కైనా సంగీతం కూర్చేవారి బాణీ దర్శకుడి దగ్గర నుంచి పలుమార్లు తిరిగి వస్తుంది. ప్రతిసారీ నొచ్చుకోకుండా మళ్లీ కూర్చోగలడా అన్నదే ఇప్పుడు మీరు గమనించవలసిన విషయం. ప్లస్ టూ ముగిసేలోగా మూడు చిన్న రచనలు పూర్తి చేయించి, ప్రతిదానికీ మొదటి రూపాన్నీ దిద్దిన రూపాన్నీ భద్రపరచమనండి. ఆ ఆరింటినీ విన్నాక ప్రవేశాల సంగతి మాట్లాడుకుందాం.

ఈలోగా ఈ రచనలోని వయొలిన్ భాగాన్ని వాయించి చూపమని గురువుగారిని అడగండి. ఆయన విల్లు ఎక్కడ తడబడుతుందో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకునే పని అబ్బాయికి అప్పగించండి.