హోటల్లో పర్యావరణ ప్రతినిధి ఏం చేయగలరు?

ప్రశ్న: విశాఖపట్నంలోని ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ను. సిబ్బంది తరఫున పర్యావరణ ప్రతినిధిగా ఉండమని యాజమాన్యం కోరింది. గోడలకు నినాదాలు అంటించడం కాకుండా నేను నిజంగా ఏం చేయగలను?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలా చేయగలరు. ఏ కొళాయి కారుతోందో, ఏ ఖాళీ గదిలో ఏసీ నడుస్తోందో మేనేజరు కంటే ముందు తెలిసేది గదులు శుభ్రం చేసేవారికే. పర్యావరణహితంగా నడిచే హోటళ్లకు ఇచ్చే, 1994లో డెన్మార్క్‌లో మొదలైన ‘గ్రీన్ కీ’ ధ్రువీకరణ కూడా ప్రతి హోటల్లో ఈ బాధ్యతను ఒకరికి అప్పగించాలని కోరుతుంది.

తువ్వాళ్లతో మొదలుపెట్టండి. మళ్లీ వాడుకుంటామన్న ఉద్దేశంతో అతిథి కొక్కేనికి తగిలించిన తువ్వాలును మనవాళ్లు అలవాటు కొద్దీ ఉతకడానికి వేసేస్తే, తువ్వాళ్లను మళ్లీ వాడమని కోరుతూ బాత్‌రూములో పెట్టిన కార్డుకు విలువే ఉండదు. షిఫ్టు మొదట్లో ఈ ఒక్క విషయం చెప్పి, రోజూ లాండ్రీకి వెళ్లే బట్టల బరువును కిలోల్లో రాయించండి. కార్డు మీది మాటలూ ముఖ్యమే: అమెరికాలో 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో, పర్యావరణాన్ని కాపాడమన్న విన్నపం కంటే, తోటి అతిథుల్లో ఎక్కువమంది తువ్వాళ్లను మళ్లీ వాడుతున్నారన్న సమాచారమే బాగా పనిచేసింది.

ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం కనుక వాటిపై వాదన అక్కర్లేదు. ఇక ఆహార వృథా విషయానికొస్తే, బఫేలో మిగిలినదాన్ని, పళ్లేల్లో వదిలేసినదాన్ని వేర్వేరుగా తూయిస్తే, లోపం వండే పరిమాణంలో ఉందో వడ్డనలో ఉందో తెలుస్తుంది.

ఒప్పుకునే ముందు, ఈ పనికి డ్యూటీ వేళల్లోనే సమయం కేటాయించాలని, మరమ్మతులు మంజూరు చేయగల ఇంజినీరింగ్ అధికారి మీ నెలవారీ సమావేశానికి రావాలని రాతపూర్వకంగా అడగండి. అది లేకుండా అదనపు చాకిరీగా అంటగట్టడం మీకు అన్యాయమని నా అభిప్రాయం.